అమెరికాకు చేరిన మధ్య అమెరికా: ఊరి పేరు దాచుకున్నవాళ్ల పాటలు, పుస్తకాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: లాటిన్ అమెరికా అనగానే మార్క్వెజ్, నెరూడా గుర్తొస్తారు. ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురాస్ లాంటి చిన్న దేశాల నుంచి అమెరికాకు పోయేవాళ్లు మాత్రం టీవీ వార్తల్లో తప్ప ఎక్కడా కనిపించరు. వాళ్ల పాటల్లో, పుస్తకాల్లో ఊరు విడిచిన దిగులు తప్ప ఇంకేమైనా ఉందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ సాహిత్యాన్ని కాలిఫోర్నియాలో చాలా ఏళ్లుగా పాఠంగా చెబుతూ వస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

దిగులు ఉంది, లేకపోదు. ఏ వలస పాటలోనైనా ఉంటుంది. కానీ వీళ్ల పాటల్లో, రాతల్లో నాకు అంతకన్నా ఎక్కువగా కనిపించేది దాపరికం. ఎక్కడి నుంచి వచ్చారో పైకి చెప్పుకోలేరు. ఊళ్లో ఉన్నప్పుడు సైన్యం కంటపడకుండా బతకాలి. మెక్సికో దాటేటప్పుడు యాస బయటపడకుండా మెక్సికో వాళ్లలా నటించాలి. అమెరికా చేరాక కాగితాలు లేవు కాబట్టి మళ్లీ నోరు మూసుకోవాలి. లాస్ ఏంజలెస్‌లో పక్కింటివాళ్లు, యజమానులు, ఒక్కోసారి బడిలో టీచర్లు కూడా వీళ్లను మెక్సికన్లే అనుకుంటారు. "కాదండీ, మాది ఫలానా దేశం" అని సరిదిద్దడానికి చాలామంది జంకుతారు. ఇన్ని చోట్ల దాచిపెట్టుకున్న దాన్ని మళ్లీ బయటికి తీసి పేరు పెట్టి పిలవడానికి ఒక తరం పైనే పట్టింది. ఆ పని ముందు పాట చేసింది. పుస్తకం ఆలస్యంగా వచ్చింది.

ముందు కాస్త చరిత్ర చెప్పుకుందాం, లేకపోతే పాటలు సగమే అర్థమవుతాయి. మధ్య అమెరికా అంటే ఏడు దేశాలు: గ్వాటెమాలా, బెలీజ్, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగువా, కోస్టారికా, పనామా. మెక్సికో ఇందులోకి రాదు. గ్వాటెమాలాలో ఎన్నికైన ప్రభుత్వాన్ని 1954లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అండతో కూల్చేశారు. అక్కడ 1960లో మొదలైన అంతర్యుద్ధం 1996 దాకా సాగింది. దాదాపు 2 లక్షల మంది చనిపోయారు లేదా జాడ లేకుండా పోయారు. వాళ్లలో అత్యధికులు అక్కడి ఆదివాసులైన మాయా జాతికి చెందిన పల్లెజనం. ఎల్ సాల్వడార్‌లో 1980 నుంచి 1992 వరకు జరిగిన యుద్ధం సుమారు 75 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అక్కడి సైన్యాన్ని డబ్బిచ్చి నిలబెట్టింది అమెరికానే. కాబట్టి అక్కడి నుంచి పారిపోయి వచ్చినవాళ్లను శరణార్థులని ఒప్పుకుంటే, తాము పోషిస్తున్న ప్రభుత్వం తన జనాన్నే చంపుతోందని ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకే 1980లలో ఈ రెండు దేశాల వాళ్లు పెట్టుకున్న ఆశ్రయ దరఖాస్తుల్లో నూటికి మూడు కూడా మంజూరు కాలేదు. చర్చి సంఘాలు కోర్టుకెక్కితే 1991లో గానీ ప్రభుత్వం దిగిరాలేదు.

యుద్ధాలు ఆగినా జనం కదలడం ఆగలేదు. 1998లో మిచ్ తుఫాను, 2001లో ఎల్ సాల్వడార్ భూకంపాలు, 2009లో హోండురాస్‌లో సైనిక కుట్ర, లాస్ ఏంజలెస్ వీధుల్లో పుట్టి డిపోర్టేషన్లతో పాటు మధ్య అమెరికాకు చేరిన గ్యాంగులు, ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపడ్డాయి. ఇవాళ అమెరికాలో సాల్వడార్ మూలాలున్నవాళ్లు 20 లక్షలకు పైనే. ఆ దేశం మొత్తం జనాభానే 60 లక్షల చిల్లర. వాషింగ్టన్ చుట్టుపక్కల వర్జీనియా, మేరీల్యాండ్‌లో మన తెలుగువాళ్లు ఉంటున్న కొత్త ఇళ్లు కట్టినవాళ్లలో సాల్వడార్ వాళ్లు చాలామంది. మనవాళ్లు మాత్రం వాళ్లను కూడా "మెక్సికన్ పనివాళ్లు" అనే అంటుంటారు.

ఇక పాట. ఈ వలస గురించి అందరి నోళ్లలో నానిన పాట పాడింది మధ్య అమెరికా వాళ్లు కాదు. మెక్సికో నుంచి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ లాస్ టిగ్రెస్ దెల్ నోర్తే అనే బృందం, 1988లో పాడింది. పాట పేరు 'త్రెస్ వేసెస్ మొహాదో', మూడుసార్లు తడిసినవాడు అని. నది ఈది దొంగతనంగా సరిహద్దు దాటినవాణ్ని తడిసినవాడు అని ఎగతాళి చేస్తారు. మెక్సికో వాడు ఒక్కసారి తడుస్తాడు. ఈ పాటలోని సాల్వడార్ మనిషి గ్వాటెమాలా, మెక్సికో, అమెరికా, ఇలా మూడు సరిహద్దులు దాటాలి.

ఎన్రికే ఫ్రాంకో రాసిన ఈ పాటను కాస్త దగ్గరగా చూడండి. కథ చెప్పేవాడు ఏడవడు. కోపం కూడా పెద్దగా చూపించడు. బయల్దేరేటప్పుడే ధైర్యం ఒక్కటే చాలదని, దారిలోనే పోవచ్చని తెలుసు అంటాడు. గ్వాటెమాలాలో, మెక్సికోలో జైలుకు పోకుండా తప్పించుకున్నాక ఒక ప్రశ్న వేస్తాడు: భాష ఒకటే, ఒంటి రంగు ఒకటే, మరి నన్ను విదేశీయుడని ఎలా అంటున్నారు? ఈ ప్రశ్న అమెరికాను ఉద్దేశించింది కాదు. మెక్సికోను, అంటే ఈ బృందాన్ని నెత్తిన పెట్టుకునే శ్రోతల దేశాన్నే అడుగుతోంది. మధ్యలో ఒకచోట పాట ఆపి మామూలుగా మాట్లాడతాడు. మెక్సికో వాణ్ని ఇవాళ తరిమేస్తే రేపు తిరిగొస్తాడు, నాకు ఆ వెసులుబాటు లేదు, తిరిగితే చంపేస్తారు లేదా జైల్లో వేస్తారు అంటాడు. అకార్డియన్ మీద మెక్సికో ఉత్తరాది బాణీ నడుస్తుంటే, ఆ బాణీకే అలవాటైన జనానికి "మీ కష్టం, మా కష్టం ఒకటి కాదు" అని చెప్పడం చిన్న సాహసం కాదు. అప్పట్లో సాల్వడార్ వాళ్లకు అమెరికా రేడియోలో తమ గొంతంటూ దాదాపు లేదు. అరువు గొంతుతోనైనా తమ దేశం పేరు వినిపించింది.

ఇదే కోవలో తర్వాత చాలా పాటలు వచ్చాయి. గ్వాటెమాలా గాయకుడు రికార్దో అర్హోనా 2005లో పాడిన 'మొహాదో' బాగా పేరు తెచ్చుకుంది. నాకు మాత్రం అది కొంచెం నీతులు చెబుతున్నట్టు అనిపిస్తుంది. దానికన్నా హోండురాస్ తీరపట్నం లా సేబాకు చెందిన గిజెర్మో ఆండర్సన్ పాటలు నాకు ఇష్టం. ఊళ్లోంచి ఎవరైనా అమెరికా వెళ్తుంటే, అక్కడున్న కొడుక్కో కూతురికో ఇమ్మని పెట్టెలో తినుబండారాలు సర్ది పంపడం ఉంటుంది చూడండి, ఆయన దాని మీద ఒక సరదా పాటే కట్టాడు. ఇలాంటి పార్సిళ్లు మోయడమే వృత్తిగా పెట్టుకుని లాస్ ఏంజలెస్, శాన్ సాల్వడార్ మధ్య విమానాల్లో తిరిగేవాళ్లు నిజంగానే ఉన్నారు. అటు నుంచి జున్ను, రొట్టె వస్తాయి, ఇటు నుంచి డాలర్లు, బూట్లు పోతాయి. ఎల్ సాల్వడార్ జాతీయాదాయంలో ఐదో వంతుకు పైగా ఇలా బయటి నుంచి వచ్చిన డబ్బే. ఆ లెక్క పక్కన పెట్టుకుని వింటే ఆ సరదా పాట వేరేగా వినిపిస్తుంది.

పాటే ముందు ఎందుకొచ్చిందంటే కారణం మరీ లోతైనదేమీ కాదు. పుస్తకం మీద పేరు వేయాలి, పబ్లిషర్ కావాలి, రాసేందుకు తీరిక కావాలి. రాత్రిపూట ఆఫీసులు తుడిచే మనిషికి, బట్టల ఫ్యాక్టరీలో ముక్కకింత అని కుట్టే మనిషికి అవి ఎక్కడివి? పాటకు శనివారం రాత్రి, ఒక హాలు ఉంటే చాలు. పైగా డాన్సు చేసేవాణ్ని ఎవరూ నీ కాగితాలేవి అని అడగరు.

ఇక్కడి నుంచి నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మధ్య అమెరికా అంటే స్పానిష్ మాట్లాడే గోధుమరంగు మనుషులు అనుకుంటే గారిఫునాలు ఆ లెక్కలో ఇమడరు. కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ దీవిలో ఆఫ్రికన్లు, అక్కడి ఆదివాసులు కలిసి ఏర్పడిన జనం వీళ్లు. బ్రిటిష్ వాళ్లతో పోరాడి ఓడాక దాదాపు 5 వేల మందిని బాలిసో అనే చిన్న దీవిలోకి తోలారు. సరైన తిండీ నీళ్లూ లేక, జబ్బులు ముసిరి సగం మంది అక్కడే పోయారు. మిగిలినవాళ్లను ఓడల్లో కుక్కి 1797 ఏప్రిల్‌లో హోండురాస్ దగ్గరి రోవాటాన్ దీవిలో దించేశారు. అక్కడి నుంచి తీరం వెంబడి హోండురాస్, బెలీజ్, గ్వాటెమాలా, నికరాగువాల్లో ఊళ్లు కట్టుకున్నారు. బెలీజ్‌లో ఇప్పటికీ నవంబరు 19న పడవల్లో వచ్చి ఒడ్డున దిగినట్టు ఆడి చూపిస్తారు, ఆ రోజు దేశమంతా సెలవు. మనిషి నల్లగా ఉంటాడు, భాష దక్షిణ అమెరికా ఆదివాసీ కుటుంబానిది, పాస్‌పోర్టు హోండురాస్‌ది, ఇల్లు న్యూయార్క్ బ్రాంక్స్‌లో. ఇతణ్ని ఏ గడిలో వేస్తారు? అమెరికా జనగణన ఫారంలో టిక్కు పెట్టే చోట వీళ్లు పడే ఇబ్బంది అంతా ఇంతా కాదు.

వీళ్ల సంగీతాన్ని వినేటప్పుడు డోళ్ల మీద దృష్టి పెట్టండి. గట్టి చెక్క దుంగను తొలిచి చర్మం బిగిస్తారు. చర్మం మీదుగా సన్నని తీగ లాగి కడతారు. దెబ్బ పడినప్పుడల్లా ఆ తీగ అదిరి జుమ్మని మోగుతుంది. పెద్ద డోలు సెగుండా. అది మారకుండా ఒకే వరస వాయిస్తుంది. చిన్నది ప్రిమేరా. దాన్ని వాయించేవాడి కళ్లు డాన్సు చేసే మనిషి మీదే ఉంటాయి, నడుము ఎటు కదిలితే దెబ్బ అటు పడుతుంది. పుంతా అనే ఈ ఆట చూస్తే పెళ్లి సందడి అనిపిస్తుంది గానీ, అసలు దాని చోటు చావు ఇల్లు. మనిషి పోయాక జరిపే జాగారంలో తెల్లవార్లూ ఆడతారు. పాటలు కట్టేది ఎక్కువగా ఆడవాళ్లు: బిడ్డ పోవడం, మొగుడు పోయి తిరిగి రాకపోవడం, ఇరుగుపొరుగు మాటలు. చరణంలో ఏడుపు, కాళ్లలో ఊపు, రెండూ ఒకేసారి. 1970ల చివర్లో బెలీజ్‌లోని డాంగ్రిగా పట్నంలో పెన్ కయేతానో దీనికి ఎలక్ట్రిక్ గిటార్ కలిపి పుంతా రాక్ మొదలుపెట్టాడు. 1991లో హోండురాస్ బృందం బాందా బ్లాంకా పాడిన 'సోపా దె కరాకోల్' లాటిన్ ప్రపంచమంతా మోగిపోయింది. పెళ్లిళ్లలో దానికి గెంతినవాళ్లలో ఎంతమందికి అది గారిఫునాల ఆట అని తెలుసో మరి.

ఆ పాట మోగడానికి ముందు ఏడాదే, 1990 మార్చి 25న, బ్రాంక్స్‌లో హ్యాపీ ల్యాండ్ అనే చిన్న క్లబ్బుకు ఒకడు నిప్పు పెడితే 87 మంది చనిపోయారు. ఎక్కువమంది హోండురాస్ నుంచి వచ్చిన కుర్రవాళ్లు, వాళ్లలో గారిఫునాలు చాలామంది. శనివారం రాత్రి హాలు అని పైన తేలిగ్గా అన్నాను గానీ, సరైన లైసెన్సు, బయటికి దారులు లేని ఇలాంటి క్లబ్బులే పేద వలస జనానికి అప్పట్లో దొరికేవి.

బెలీజ్ గాయకుడు ఆండీ పలాసియో 1980లో నికరాగువా అక్షరాస్యత ఉద్యమానికి వాలంటీరుగా వెళ్లాడు. అక్కడి గారిఫునా ఊళ్లో ఒక ముసలాయనను తమ భాషలో పలకరించాడు. అంత చిన్నవాడు ఆ భాష మాట్లాడటం చూసి ఆ పెద్దాయన నమ్మలేకపోయాడట, ఎందుకంటే అక్కడ ఆ భాష దాదాపు అంతరించిపోయింది. మా దగ్గరా ఇదే జరుగుతుందన్న భయం పలాసియోను జీవితాంతం నడిపించింది. 2007లో వచ్చిన ఆయన ఆల్బమ్ 'వాతినా'లో వివిధ దేశాల గారిఫునా గాయకులు, పెద్దలు కలిశారు. పేరొచ్చింది, అవార్డులొచ్చాయి, మరుసటి జనవరిలోనే 47 ఏళ్లకు చనిపోయాడు. ఆయన తర్వాత ఆ భారం ఎత్తుకున్నది హోండురాస్ గాయకుడు ఔరేలియో మార్తినెస్. కొన్నాళ్లు ఆ దేశపు పార్లమెంటు సభ్యుడిగా కూడా ఉన్నాడు. ఆయన పాట ఒకటుంది, 'యాలిఫు'. తీరంలో నిలబడ్డ పిల్లవాడు పెలికన్ పక్షిని రెక్కలు అప్పిమ్మని అడుగుతాడు, అమెరికా పోయిన నాన్న దగ్గరికి ఎగిరిపోవడానికి. వలస సాహిత్యం అంటే పోయినవాళ్ల గొంతే ఎక్కువ. ఇది వెనక మిగిలిపోయిన పిల్లవాడిది, అందుకే దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఔరేలియో 2025 మార్చిలో రోవాటాన్ దగ్గర సముద్రంలో విమానం కూలి చనిపోయాడు.

పనామా కథ వేరు, దాన్ని కొంచెం వేగంగా చెబుతాను. 1904 నుంచి 1914 దాకా కాలువ తవ్వడానికి బార్బడోస్, జమైకా లాంటి దీవుల నుంచి వేలాదిమంది నల్లవాళ్లను తెచ్చారు. తెల్ల అమెరికన్లకు బంగారు నాణేల్లో జీతం, వీళ్లకు వెండి నాణేల్లో. దుకాణాలు, నీళ్ల కుళాయిలు కూడా వేరు. ఆ కూలీల వారసులే 1980లలో జమైకా బాణీల మీద స్పానిష్ మాటలు కట్టడం మొదలుపెట్టారు. వాళ్లలో ఎల్ జెనరల్‌గా పేరుపడ్డ ఎద్‌గార్దో ఫ్రాంకో న్యూయార్క్ చేరి హిట్లు కొట్టాడు. ఇవాళ ప్రపంచమంతా వింటున్న రెగేతోన్ అనే డాన్సు సంగీతానికి పునాదుల్లో అదొకటి, పేరు మాత్రం ఎక్కువగా పోర్టోరికోకు పోయింది. ఇంకో పనామా మనిషి రూబెన్ బ్లేడ్స్‌కు కూడా తాత సెయింట్ లూసియా దీవి వాడే. 1974లో న్యూయార్క్ వచ్చి, ఫానియా రికార్డ్స్ అనే పాటల కంపెనీలో ఉత్తరాలు సర్దే ఉద్యోగంతో మొదలుపెట్టి, సల్సా అనే లాటిన్ డాన్సు సంగీతానికి కథలు చెప్పడం నేర్పాడు. ప్రార్థన చేయిస్తుండగా 1980లో కాల్చి చంపిన సాల్వడార్ ఆర్చ్‌బిషప్ ఓస్కార్ రొమేరో మీద ఆయన కట్టిన పాట 1984 నాటి 'బుస్కాందో అమెరికా' ఆల్బమ్‌లో ఉంది. తూటా పేలే క్షణం ముందు వరకు ఊళ్లో ఆదివారం ప్రార్థనలా మామూలుగా నడుస్తుంది. తర్వాత గంటల మోతతో పాటు డాన్సు లయ అందుకుంటుంది. విని చూడండి.

ఇప్పుడు పుస్తకాలు. మొదట చదవాల్సింది ఒక కవిత, సాల్వడార్ కవి రోకే డాల్టన్‌ది. 1974లో వచ్చిన పుస్తకంలోది, పేరు 'ప్రేమ కవిత'. మొదటిసారి చదివినవాళ్లు ఇందులో ప్రేమ ఎక్కడుంది అని అడుగుతారు. మొత్తం ఒక చిట్టా: పనామా కాలువలో వెండి జీతానికి పనిచేసినవాళ్లు, కాలిఫోర్నియా నౌకా స్థావరాల్లో ఓడలు బాగుచేసినవాళ్లు, పొరుగు దేశాల జైళ్లలో దొంగలుగా, స్మగ్లర్లుగా మగ్గినవాళ్లు, సరిహద్దు దాటుతూ తూటాలకు పోయినవాళ్లు, ఏ దేశం వాళ్లో ఎవరికీ ఎప్పుడూ తెలియనివాళ్లు, ఎప్పటికీ కాగితాలు లేనివాళ్లు. తిట్టులా మొదలైనది చివరికి వచ్చేసరికి వీళ్లంతా నా జనం, నా అన్నదమ్ములు అని ఆగుతుంది. గమనించండి, ఇది అంతర్యుద్ధానికి ఆరేళ్ల ముందు రాసింది. అప్పటికే లక్షలాది సాల్వడార్ వాళ్లు హోండురాస్ అరటి తోటల్లో, బంజరుల్లో ఉన్నారు, 1969లో ఆ రెండు దేశాలు ఆ గొడవ మీదే కొట్టుకున్నాయి. బయటివాళ్లు దానికి ఫుట్‌బాల్ యుద్ధం అని పేరు పెట్టి నవ్వుకున్నారు. యుద్ధం వల్లే వలస మొదలైంది అనేవాళ్లకు నేను ఈ కవితే చూపిస్తాను. డాల్టన్‌ను చంపింది సైన్యం కాదు, ఆయన చేరిన గెరిల్లా దళం వాళ్లే, 1975 మేలో, 40 నిండడానికి నాలుగు రోజుల ముందు. శవం ఇప్పటికీ దొరకలేదు.

దేశభక్తి కవిత్వం చదివి గుండె బరువెక్కితే దానికి విరుగుడు సాల్వడార్ నవలాకారుడు ఓరాసియో కాస్తెజానోస్ మోయా. ఆయన నవల 'ఎల్ అస్కో', అంటే అసహ్యం, 1997లో వచ్చింది. కెనడాలో స్థిరపడ్డ ఒక ప్రొఫెసరు తల్లి అంత్యక్రియలకు శాన్ సాల్వడార్ వచ్చి, బార్‌లో కూర్చుని, పేరా విరగకుండా దేశాన్ని తిడతాడు. వాతావరణం, బీరు, సోదరుడు, రాజకీయ నాయకులు, సాహిత్యం, చివరికి పుపూసాలు కూడా. పుపూసా అంటే చీజో, బీన్సో, పంది మాంసమో పెట్టి కాల్చే మొక్కజొన్న రొట్టె, ఆ దేశపు జాతీయ వంటకం. ఆయన కెనడా పాస్‌పోర్టు పోయిందనుకుని పడే టెన్షన్ చదివితే నవ్వాగదు, తర్వాత మాత్రం భయం వేస్తుంది. మిగతా వాళ్లంతా దేశం పేరు మళ్లీ పలకడానికి తంటాలు పడుతుంటే, ఈయన పాత్ర పేరు కూడా మార్చుకుని పారిపోయింది. ఈ పుస్తకం వచ్చాక రచయితకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. నవలలో పాత్ర తిట్టిన తిట్లకు నిజం మనిషి పరాయి దేశంలో ఉండాల్సి వచ్చింది.

అమెరికాలో పెరిగిన తరం చేతికి కలం వచ్చింది 1990లలో. గ్వాటెమాలా వలసదారుల కొడుకు, జర్నలిస్టు హెక్టర్ తోబార్ 1998లో 'ది టాటూడ్ సోల్జర్' రాశాడు. భార్యనూ కొడుకునూ చంపిన సైనికుణ్ని ఒక గ్వాటెమాలా శరణార్థి లాస్ ఏంజలెస్ మెక్ఆర్థర్ పార్కులో చదరంగం ఆడుతుండగా గుర్తుపడతాడు. కథ ఆ నగరంలో 1992లో జరిగిన అల్లర్ల రోజుల్లో నడుస్తుంది. చంపినవాడూ, పారిపోయినవాడూ ఒకే పార్కు బెంచీల మీద కూర్చోవడం ఊహించి పెట్టింది కాదు, అలాంటి పరిసరాలు నిజంగానే ఉండేవి. అందుకే ఎవరూ తమ ఊరి పేరు చెప్పేవాళ్లు కాదు. 2017లో వచ్చిన 'ది వాండరింగ్ సాంగ్' అనే సంకలనం ఈ తరం కవులను, కథకులను ఒకచోట చేర్చింది.

మీకు ఒకే ఒక్క పుస్తకం చదివే టైముంటే హావియెర్ సమోరా 'సొలితో', 2022. ఎల్ సాల్వడార్‌లోని లా ఎర్రదూరా అనే చేపల ఊళ్లో తాతయ్య, అమ్మమ్మల దగ్గర పెరిగాడు. అమ్మానాన్నలు ముందే కాలిఫోర్నియా చేరారు. 1999లో తొమ్మిదేళ్ల వయసులో, బంధువులెవరూ లేకుండా బయల్దేరాడు. తాతయ్య గ్వాటెమాలా, మెక్సికో సరిహద్దు దాకా తోడొచ్చి వెనక్కి తిరిగాడు. రెండు వారాలు అనుకున్నది తొమ్మిది వారాలు పట్టింది. పుస్తకం గొప్పదనం ఏమిటంటే, పెద్దవాడైన రచయిత మధ్యలో ఎక్కడా దూరి వివరణలు ఇవ్వడు. పిల్లవాడి బాధలు పిల్లవాడివే: బూటు లేసులు కట్టుకోవడం రాదు, ఎవరిని అడగాలో తెలియదు, పెద్దల ముందు స్నానం చేయాలంటే సిగ్గు. సైనికులు, ఎడారి, దాహం ఆ సిగ్గుల మధ్యలోంచి కనబడతాయి. దారిలో మెక్సికో మాటతీరు బట్టీ పట్టించడం, ఎవరైనా అడిగితే చెప్పడానికి అబద్ధపు ఊరు నేర్పించడం కూడా ఇందులో చూస్తారు. పైన దాపరికం అన్నది ఇక్కడ తొమ్మిదేళ్ల పిల్లవాడికి హోంవర్కు. రక్త సంబంధం లేని ఒక తల్లీకూతురు, ఒక యువకుడు వాణ్ని తమవాడిలా చూసుకున్నారు. ఇదే ప్రయాణం మీద సమోరా ముందే, 2017లో, కవితలు వేశాడు. రెండూ చదివితే కవితలో చెప్పలేక వదిలేసినవి ఏవో వచనంలో తెలుస్తాయి.

దారి గురించే తెలుసుకోవాలంటే సాల్వడార్ జర్నలిస్టు ఓస్కార్ మార్తినెస్ మెక్సికోలో వలసజనం ఎక్కే సరుకు రైళ్ల పైకప్పులెక్కి రాసిన పుస్తకం ఉంది, ఇంగ్లిష్‌లో 'ది బీస్ట్' పేరుతో దొరుకుతుంది. ఆయన పనిచేసే ఎల్ ఫారో పత్రిక కూడా ప్రభుత్వ వేధింపులు భరించలేక 2023లో తన రిజిస్ట్రేషన్‌ను కోస్టారికాకు మార్చుకుంది. వలస మీద రాసే పత్రిక కూడా వలస పోవాల్సి వచ్చింది.

మాయా జనం గురించి చెప్పకుండా వదిలేస్తే ఈ సమాధానం సగమే. గ్వాటెమాలా నుంచి వచ్చే చాలామందికి స్పానిష్ రెండో భాష, కొందరికి అసలు రాదు. మామ్, కిచే, కంహోబాల్ భాషలకు అమెరికా ఇమిగ్రేషన్ కోర్టుల్లో దుబాసీల కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. కంహోబాల్ రచయిత గాస్పర్ పెద్రో గొన్సాలెస్ 1992లో వెలువరించిన నవల మాయా రచయిత రాసిన తొలి నవలగా పేరు పొందింది. హకాల్తెనాంగో ప్రాంతపు బడిపంతులు విక్టర్ మొంతెహో తను పనిచేసే ఊళ్లో సైన్యం చేసిన హత్యలు చూసి, అమెరికా పారిపోయి, ఆ సాక్ష్యాన్ని 1987లో పుస్తకంగా వేశాడు. కిచే కవి ఉంబెర్తో అకబల్ 2004లో దేశపు అత్యున్నత సాహిత్య పురస్కారాన్నే వద్దన్నాడు. నోబెల్ గ్రహీత మిగెల్ ఆంహెల్ అస్తూరియాస్ పేరిట ఇచ్చే పురస్కారం అది. ఆదివాసులను కించపరుస్తూ అస్తూరియాస్ చదువుకునే రోజుల్లో రాసిన థీసిసే కారణం. లాస్ ఏంజలెస్‌లో కంహోబాల్ వాళ్ల పండగల్లో మరింబా మోగుతుంది. మరింబా చెక్క పలకల కింది పెట్టెల్లో చిన్న రంధ్రం పెట్టి పంది పేగు పొరను మైనంతో అతికిస్తారు, అది జుమ్మని అదురుతుంది. గారిఫునా డోలు మీద తీగ చేసే పని కూడా ఇదే. రెండూ ఆఫ్రికా నుంచి వచ్చిన అలవాట్లే. గ్వాటెమాలా జాతీయ వాద్యం మూలాలు బానిస ఓడల్లో ఉన్నాయన్నమాట.

వలస అంటే ఉత్తరానికే అనుకోకండి. నికరాగువా వాళ్లు లక్షల్లో దక్షిణాన కోస్టారికాకు పోయారు. 2023 ఫిబ్రవరిలో నికరాగువా అధ్యక్షుడు ఒర్తేగా ప్రభుత్వం 222 మంది రాజకీయ ఖైదీలను విమానం ఎక్కించి అమెరికా పంపి, వాళ్ల పౌరసత్వం తీసేసింది. కొద్ది రోజులకే ఇంకో 94 మందికి అదే శిక్ష. వాళ్లలో స్పానిష్ సాహిత్యంలో అత్యున్నతమైన సెర్బాంతెస్ బహుమతి పొందిన నవలాకారుడు, ఒకప్పటి ఉపాధ్యక్షుడు సెర్హియో రమీరెస్ ఉన్నాడు, కవయిత్రి జియోకొండా బెల్లి ఉంది. నియంతను కూల్చిన 1979 విప్లవం రోజుల్లో వాళ్లిద్దరూ ఒర్తేగా పక్కనే నిలబడ్డవాళ్లు. ఆ విప్లవానికి పాటలు కట్టిన కార్లోస్ మెహియా గొదోయ్ 2018లోనే దేశం వదిలాడు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు కదా. నా సలహా, ముందు చెవులతో మొదలుపెట్టండి. లాస్ టిగ్రెస్ పాట, తర్వాత పలాసియో, ఔరేలియో, బ్లేడ్స్. మాటలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, నెట్‌లో అనువాదాలు దొరుకుతాయి. పుస్తకాల్లో సమోరా, ఆ తర్వాత తోబార్, ఆ తర్వాత డాల్టన్ కవిత. ముగ్గురూ ఇంగ్లిష్‌లో ఉన్నారు. 'ఎల్ అస్కో' మాత్రం చివరికి ఉంచుకోండి. మీ ఊళ్లో సాల్వడార్ హోటల్ ఉంటే ముందు వెళ్లి వేడివేడి పుపూసా ఒకటి తినండి, అప్పుడు గానీ ఆ ప్రొఫెసరు తిట్లలో ఎంత అన్యాయం ఉందో తెలియదు.